వయసు మీఱిన వేషములు

బళ్లారి తాలూకాలో హోబళి యను రెవెన్యూ విభాగమునకు కేంద్రమైన రూపనగుడి రేగడి భూముల నడుమ జొన్నను, ప్రత్తిని నమ్ముకొని బ్రదికిన పల్లెల సీమకు చెందినది. ఇచ్చట ఒక అరుగుమీద గూర్చున్న యిద్దఱు వృద్ధులలో నొకరు కన్నడమున ప్రశ్నింపగా రెండవవారు తెలుగున బదులు చెప్పుట వింత గాదు. 1800లో నిజాము కుంఫిణీకి ఒప్పగించిన దత్తమండలములలో ఒక భాగమై, పిదప నూటయేబదేండ్లకు పైగా మద్రాసు పాలనలో నుండిన బళ్లారి జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీన రెండుగా చీలినపుడు, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. రూపనగుడి బళ్లారితో పాటు మైసూరు రాష్ట్రమున చేరినది. దేశపటముమీద గీసిన ఆ గీత పొలములను విడదీసినది గాని, ఈ సీమవారికి రెండు వైపులను సమానముగా నున్న నాటకాభిరుచిని విడదీయలేకపోయినది. ఆ యభిరుచి చరిత్రను పరిశీలించుచు పోగా, అది కళాచరిత్ర మాత్రమే గాక, మనుష్యులు వయసు మీఱుచుండగా జీవితమునందలి ఉత్సాహమును ఎట్లు నిలుపుకొనిరో తెలుపు చరిత్రయు నని నాకు తోచుచున్నది. ఉత్సాహమును మనము సాధారణముగా ఒక్కొక్కరి పుట్టుక గుణముగా నెంచుదుము. కాని ఒక సీమ యంతయు గలిసి దానిని అలవాటుగా పెంచుకొనవచ్చు ననుటకు బళ్లారి ప్రాంతమే నిదర్శనము.

ఈ నాటకోద్యమము సుభిక్షకాలమున పుట్టినది కాదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును దహించిన ధాత కరువు బళ్లారి జిల్లాను ఘోరముగా పీడించినది. ఊళ్లు పాడువడినవి, వలసపోయినవారిలో అనేకులు తిరిగి రాలేదు. ఆ దుర్దినములు గడచి పదియేండ్లయిన కాకమునుపే, కోర్టు కచ్చేరీలకును, దండుకును నెలవైన బళ్లారి పట్టణమున, మహారాష్ట్రదేశము నుండి వచ్చిన సమాజముల ప్రదర్శనములను చూచి, మన భాషలో మనమేల ఆడరాదని యొక న్యాయవాది తలపోసెను. ఆయనయే ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు. 1853లో జన్మించిన ఆచార్యులవారు 1886 ప్రాంతమున సరసవినోదినీ సభను నెలకొల్పి, చిత్రనళీయముతో తెలుగు రంగస్థలమున క్రొత్త శకమునకు నాంది పలికినప్పుడు ఆయనకు ముప్పదిమూడేండ్లు. ఆ కాలపు గృహస్థుని లెక్కలో అది సంసారభారము మోయుచు, వృత్తిలో స్థిరపడి, క్రొత్త వ్యాపకముల జోలికి పోక యుండవలసిన ప్రాయము. ఆయన మాత్రము పగలు వ్యాజ్యములు నడపుచు, రాత్రులు నాటకములు వ్రాసి, వ్రాసినవానిని మిత్రులకు నేర్పి, తానును వేషము ధరించి, 1912లో కన్నుమూయువఱకు సుమారు ముప్పది నాటకములు రచించెను. నాటకము మంగళాంతము కావలెనన్న సంస్కృత సంప్రదాయమును దాటి విషాదసారంగధరమును వ్రాయుటకు సాహసించెను. ఆంధ్రనాటక పితామహుడను బిరుదము ఆయనకు ఊరక రాలేదు.

ఆ సభవారు 1891లో మద్రాసునకు పోయి నాటకము లాడినపుడు ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారను తమిళ యువకు డొకడుండెను. విద్యావంతులును, గౌరవనీయులునగు న్యాయవాదులు సిగ్గుపడక ముఖమునకు రంగు పూసికొని రంగమున నిలుచుట చూచి యాశ్చర్యపడి, ఆ యేడే ఆయన సుగుణవిలాస సభను స్థాపించెను. 1873లో పుట్టిన ఆ మహాశయుడు న్యాయాధికారిగా పనిచేయుచునే నాటకములు వ్రాసి, ఆడి, ఆడించి, తొంబదియేండ్లు నిండిన పిమ్మట 1964లో పరమపదించెను. బళ్లారి వకీళ్లు ఒక పడుచువానికి అంటించిన ఉత్సాహము భాషాంతరమున, నగరాంతరమున డెబ్బది యేండ్లకు పైగా ఆఱక వెలిగిన దన్నమాట.

ఆచార్యులవారికి బళ్లారిలోనే సమఉజ్జీ యగు కోలాచలము శ్రీనివాసరావుగారు 1854లో జన్మించిరి, ఆయనయు న్యాయవాదియే. సుమనోరమ సభ పక్షమున చారిత్రక నాటకములకు ప్రసిద్ధి కెక్కిన ఆయన, విజయనగర పతనమును ఇతివృత్తముగా గొని రామరాజు చరిత్రమును రచించిరి. రెండు సభల నడుమ స్పర్ధ తీవ్రముగానే యుండెను. కాని ఆ స్పర్ధ వారిద్దఱిని వార్ధక్యమునకు లొంగనీయలేదని చెప్పవచ్చును. పొరుగు వీధిలోని ప్రతిస్పర్ధి క్రొత్త నాటకమునకు అభ్యాసము చేయించుచున్నాడని విన్నవానికి పడక కుర్చీలో హాయిగా పడియుండుట సాధ్యము గాదు గదా! శ్రీనివాసరావుగారు యేబదినాలుగవ యేట, 1908లో, ప్రపంచ దేశముల నాటక చరిత్రను ఇంగ్లీషున గ్రంథముగా ప్రకటించిరి. ఆ వయస్సున అనేకులు ఆర్జించినదానిని లెక్కించుకొనుచుందురు; ఆయన మాత్రము తా నంతవఱకు చేసిన పనికి ప్రపంచమున తావెక్కడనో తెలిసికొనగోరి విద్యార్థియై కూర్చుండెను.

ఈ యిరువురి కృషికిని ఫలస్వరూపుడు తాడిపత్రి రాఘవాచార్యులుగారు. ఆంధ్రదేశము ఆయనను బళ్లారి రాఘవ యని పిలుచుకొన్నది. 1880లో జన్మించి, ధర్మవరము వారికి మేనల్లుడై, న్యాయవాదియై, రామరాజు చరిత్రములో పఠాను రుస్తుముగను, షేక్స్పియరు నాయకులుగను పేరు గాంచిన రాఘవ నలువదియైదేండ్లకే నటునకు దక్కదగిన కీర్తి నంతయు సంపాదించెను. ఆయన చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించునది అటుపిమ్మటి యిరువదియేండ్లు. 1927లో బెంగుళూరున దీనబంధు కబీరు నాటకమును గాంధీ మహాత్ముని యెదుట ప్రదర్శించెను. ఆ సంవత్సరముల యందే ఇంగ్లండునకు పోయి, అచ్చటి రంగస్థలమును పరిశీలించి, బెర్నార్డు షా మొదలగువారిని దర్శించి, తాను నేర్చినదంతయు మరల బేరీజు వేసికొనెను. తిరిగి వచ్చిన పిదప, రాగాలాపనల నడుమ పద్యములు సాగదీయు పౌరాణిక నాటకమే పరమావధి కాదని తలచి, యేబదవ యేట రాజమన్నారుగారి తప్పెవరిది వంటి సాంఘిక నాటికలను చేపట్టెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, కొమ్మూరి పద్మావతీదేవిగారు మొదలగు కుటుంబ స్త్రీలను రంగమునకు తెచ్చి, లోకుల నింద నోర్చుకొనెను. 1936లో, యేబదియాఱేండ్ల ప్రాయమున, ద్రౌపదీ మానసంరక్షణములో దుర్యోధనుడై వెండితెరపై నిలిచెను. 1939లో జమీందారీ పీడనమును చూపిన రైతుబిడ్డలో రైతుగా నటించెను. 1940లో, షష్టిపూర్తి వేళకు, చండిక చిత్రములో కనిపించెను. 1946 ఏప్రిల్ 16వ తేదీన మరణించువఱకు ఆయన తాను గెలిచిన చోట నిలిచిపోలేదు. క్రొత్త కళలో తాను మరల ప్రారంభకుడ నగుదు నన్న సంకోచము ఆయనకు లేకపోవుటయే ఆ యౌవనమునకు మూలము.

పట్టణమున నీ మహానుభావులు వెలిగించిన దీపము పల్లెలకు ప్రాకినది. రూపనగుడి చుట్టుపట్ల సరిహద్దు గ్రామములలో పంటలు ఇల్లుచేరిన పిదప హార్మోనియముతో నాటకపు మేష్టరు ఊరికి వచ్చుటయు, రైతులు వేషములు పంచుకొని, ఎవరి వేషము ఖర్చు వారే భరించి, పగటి సేద్యము ముగించుకొని గుడి ముంగిట రాత్రి ప్రొద్దుపోవువఱకు పద్యములు వల్లించుటయు తరతరముల ఆచారము. అక్షరము రానివాడు చెవులతో విని, కురుక్షేత్ర నాటకములోని దీర్ఘ సంభాషణలను కంఠస్థము చేయును. ఇంట కన్నడ మాడువాడు రంగమున తెలుగు పద్యమును రాగయుక్తముగా పాడును. ఈ యూరి పేరే ఇంటిపేరుగా గల రూపనగుడి నారాయణరావుగారు తెలుగున కవియై, నాటకకర్తయై వన్నె కెక్కుటయు నీ సీమ స్వభావమునకు తగియే యున్నది. బళ్లారి తాలూకాలోనిదే యగు జోళదరాశిలో 1910లో పుట్టిన దొడ్డనగౌడగారు రాఘవ సాహచర్యమున నటనము నభ్యసించి, కన్నడమున కవియై, గమకియై, 1994 వఱకు జీవించిరి. 1936లో పుట్టి 2023లో గతించిన బెళగల్లు వీరణ్ణగారు పురాణగాథలకే పరిమితమైన తోలుబొమ్మలచేత స్వాతంత్ర్యోద్యమ గాథ నాడించిరి. ఇట్టి వారిని ఒక్కొక్కరినే చూచినపుడు అసాధారణు లనిపింతురు. ఒకే సీమయందు వరుసగా చూచినపుడు మాత్రము వారి వెనుక నున్న అలవాటు గోచరించును.

ఆ యలవాటులో మూడు విశేషములు నాకు కానవచ్చుచున్నవి. మొదటిది, ఇచ్చటి నాటకము చాలమందికి జీవనోపాధి గాకపోవుట. కూటికై చేయు పనికి ఒక దినమున విరమణ యుండును. ప్రీతికై చేయు పనిని విరమింపుమని చెప్పు అధికారి లేడు. రెండవది, నాటకమున ప్రతి వయస్సునకును వేషముండుట. పదునాఱేండ్లవాడు అభిమన్యుడు, ముప్పదియేండ్లవాడు అర్జునుడు. జుట్టు నెరసినవానికి ధృతరాష్ట్రుడును, భీష్ముడును వేచియుందురు. తల నెరసినందున వేషము పోలేదు, వేషము మాఱినది, అంతియే. మూడవది, వేషమును తరువాతివానికి అప్పగించు మర్యాద. మోకాళ్లు సహకరింపక, శ్రుతి నిలువక యున్న దినములలోగూడ కృష్ణపాత్రను విడువని వృద్ధుడు తన కళను తానే చిన్నబుచ్చుకొనును. ఆ పాత్రను పడుచువానికి నేర్పి, తెర ప్రక్కన నిలిచి మఱచిన మాట నందించువాడు పాత్రధారులందఱి ఆనందమును తానును అనుభవించును. యౌవనమును నటించుట ఉత్సాహము గాదు. తన వయస్సునకు తగిన పనిని ప్రేమతో చేయుటయే ఉత్సాహము.

నేడు మనుష్యుల ఆయుర్దాయము పెరిగినది. ఉద్యోగ విరమణానంతరము ఇరువది, ముప్పది యేండ్లు జీవించువారు పెక్కురు. వారికి మందులు, పింఛనులు సమకూర్చుటలో మనము చూపు శ్రద్ధ మెచ్చదగినదే. కాని వారికొక వేష మిచ్చుట మఱచుచున్నాము. సభ లేనిదే ధర్మవరము వారు లేరు, స్పర్ధ లేనిదే కోలాచలము వారి పట్టుదల లేదు, అభ్యాసమునకు గుడి ముంగిలి లేనిదే పల్లెటూరి భీష్ముడు లేడు. కావున వృద్ధుని ఉత్సాహముగా నుండుమని హెచ్చరించుట కంటె, ఆయన రాకకై పదిమంది ఎదురుచూచు చోటును ఊరూర నిలుపుట మన విధి. నాటకమే కానక్కఱలేదు, భజనయో, గ్రంథాలయమో, బడిపిల్లలకు పద్యము నేర్పు కూటమో, ఏదైనను కావచ్చును. కరువు మ్రింగిన పదియేండ్ల లోపుననే నాటకసభను నెలకొల్పుకొన్న సీమకు సాధ్యమైనది, కడుపు నిండిన కాలమున మనకు అసాధ్యమని నేను నమ్మను.