మట్టి పురుషుడు, మన్యపు విత్తనము



మన అరకులోయ ఆచారమొకటి చక్కగా బోధపడుటకు నేడు మిమ్ము ముందుగా పెరూదేశమునకు తీసికొనిపోవలసియున్నది.

కొలంబసు 1492లో సముద్రము దాటుటకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే, ఆ దేశపు ఉత్తరతీరమున మోచే యను జాతివారు వర్ధిల్లిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దము మొదలు ఎనిమిదవ శతాబ్దమువఱకు వారి కాలము. కుమ్మరిసారె యెఱుగని ఆ శిల్పులు అచ్చులలో మట్టి నదిమి పాత్రలు చేసిరి. 1926లో స్థాపితమైన లార్కో ప్రదర్శనశాల యందు, లీమానగరమున, వానిని నేటికిని చూడవచ్చును. కొన్ని పాత్రలు దిగంబర పురుషరూపములు. పురుషాంగమును మితిమీఱ పెంచి, దానినే చెంబునకు కొమ్ముగా నమర్చిరి. చూచినవారు కొందఱు నవ్వుదురు. కొందఱు మొగము త్రిప్పుకొందురు. రెండును తొందరపాటే.

అది వాన యెఱుగని యెడారి. ఆండీసు కొండలనుండి దిగు ఏళ్ళకు కాలువలు త్రవ్వి వారు మొక్కజొన్న పండించిరి. నీరు పాఱినగాని గింజ లేదు. పురుషదేహమునుండి ద్రవము జాఱు ఆ చెంబును ఈ కాలువగట్టున నిలిపి చూడవలెను. మఱియొక వింత: ఆ పురుషులలో కొందఱు అస్థిపంజరములు! చచ్చినవానికి సంతానశక్తి యేల? పితరులనుండియే జీవధార బ్రతికినవారికి దిగివచ్చునని వారి తలంపై యుండునని కొందఱు పండితులందురు. నాకును అదియే సమంజసముగా తోచును. అయితే ఇట్టి పాత్రలలో పెక్కు దొంగత్రవ్వకములలో బయటపడినవి. ఎవరి సమాధిలో, ఎవరి ప్రక్కన నుండెనో చెప్పువారు లేరు.

ఇక మన తూర్పుకనుమలకు వత్తము. సవరలు ఎఱ్ఱమట్టి పూసిన గోడపై బియ్యపుపిండితో బొమ్మలు వ్రాయుదురు. వెరియర్ ఎల్విను 1955లో ప్రకటించిన గ్రంథమున వీనిని విపులముగా వర్ణించెను. అవి ఇంటి సింగారము కావు. చనిపోయిన పెద్దలకు నివేదనములు. పంట పండవలెనని, రోగము తొలగవలెనని వ్రాయింతురు. అందు పురుషుడు రెండు త్రికోణములు మాత్రమే, దిగంబరత్వపు ప్రసక్తి లేదు; కోరిక మాత్రము మోచే కుమ్మరిదే. నేడు ఆ బొమ్మలను కాగితముపైనను బట్టపైనను వ్రాసి అమ్ముచున్నారు. గోడమీది బొమ్మ ఏ పెద్దకొఱకో ఇంటివారికి తెలియును, కొన్నవానికి తెలియదు.

అరకుప్రాంతపు ఇటికల పండుగలో పురుషుడే స్వయముగా బొమ్మయై నిలుచును. చైత్రమాసమున మగవారు వేటకు పోవుట పూర్వాచారము. చంపిన మృగము నెత్తురును విత్తనములలో కలిపి ఇంటింటికి పంచెడివారు. ఆ విత్తనమే పొలమున పడెడిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినపిదప వేట నిషిద్ధమైనది. పూర్వము వట్టిచేతులతో తిరిగివచ్చిన మగవానికి ఊరి పొలిమేరలో ఆడువారు పేడనీళ్ళతో స్వాగత మిచ్చెడివారు.