చెరసాలలో తారకజపము

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారు. గోదావరీతీరారణ్యమున భద్రాద్రిరామునకు ఆలయము కట్టించుటకై రాజస్వధనమును వ్యయించి, తానాషా (1672–1687) ఏలుబడిలో గోల్కొండ చెరసాల పాలయ్యెను.

ఆయనకు కబీరుదాసు తారకమంత్రమును ఉపదేశించెనని జనశ్రుతి. కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. కథ యథాతథముగా పొసగదు. కబీరుపంథీ సాధువెవరో అయియుండునను ఊహ యుక్తతరము. ఉపదేష్ట ఎవరైననేమి, మంత్రము నిలిచినది.

చెరలో అర్చామూర్తి లేదు, తులసి లేదు, దీపము లేదు. పన్నెండేండ్లని సంప్రదాయము చెప్పు లెక్క. "శ్రీరామ జయరామ జయజయరామ" యను త్రయోదశాక్షరికి ఆ ఉపచారము లేవియు అక్కరలేదు. విధియజ్ఞముకంటె జపము పదిరెట్లు, ఉపాంశువు నూరురెట్లు, మానసము వేయిరెట్లు అధికమని మనువు. పెదవి కదలని మానసజపము కావలివానికి వినబడదు. మాల లేనివానికి వ్రేళ్ల కణుపులే కరమాల.