చిచ్చా బయాజ్‌లో ‘అర తిప్పు’



మా ఖాందాన్‌లో గల్ఫ్ తారీఖ్ అంటే డ్రాఫ్టుల లెక్కే. ఎవరెంత పంపారు, ఎవరు ఇల్లు కట్టారు, ఏ ఆపా షాదీ ఎట్లా అయింది. వాళ్ల చేతుల్లో ఏ హునర్ ఉండేదో ఎవరూ రాయలేదు. 1970ల చివర్లో ముద్దనూరు నుంచి కువైత్ పోయిన మా చిచ్చా నోట్‌బుక్కు ఒకటి నా దగ్గరుంది. దాన్ని ఆయన ‘బయాజ్’ అనేవాడు. అంతా ఉర్దూ. ఉర్దూ మీడియంలో చదివినందుకు, ఇంట్లో ఇప్పుడు దాన్ని చదవగలిగేది నేనొక్కణ్నే. అందుకే తెలుగులో పెడుతున్నా.

చిచ్చా పనిచేసింది షువైఖ్ షెడ్లలో. అక్కడికి షెవర్లే కాప్రిస్ లాంటి అమెరికా బండ్లు వచ్చేవి. క్లచ్ పెడలే ఉండదు. జనరల్ మోటార్స్ వాళ్లు ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ‘హైడ్రామాటిక్’ పేరుతో 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కోసం తెచ్చారు. 1964 మోడళ్లతో టర్బో హైడ్రామాటిక్ 400, 1969 మోడళ్లతో 350 వచ్చాయి. వాటిలో కంప్యూటర్ లేదు. గేరు ఎప్పుడు మారాలో ముఖ్యంగా రెండు చెప్పేవి: బండి వేగం చూసే గవర్నర్, ఇంజన్ మీద పడే బరువు చూసే వాక్యూమ్ మాడ్యులేటర్.

మాడ్యులేటర్ అంటే చిన్న రేకు డబ్బీ, లోపల రబ్బరు పొర. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఇంజన్ వాక్యూమ్ గట్టిగా లాగుతుంది, గేరు తొందరగా, మెత్తగా పడుతుంది. బాగా తొక్కితే వాక్యూమ్ తగ్గి ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, గేరు ఆలస్యంగా, గట్టిగా పడుతుంది. అడ్జస్ట్ చేసే రకంలో గొట్టం తగిలించే మూతిలోపలే సన్న స్క్రూ ఉంటుంది. కుడికి తిప్పితే ఆలస్యం, గట్టి. ఎడమకు తిప్పితే తొందర, మెత్తన.

బయాజ్‌లో స్క్రూ మాట చివరి పేజీలో గానీ రాదు. ముందంతా పరీక్షలే. ఇంజన్ వేడెక్కి, ఆడుతుండగా ఆయిల్ చూడు. మాడు వాసన వస్తే స్క్రూ ముట్టకు. గొట్టం పగిలినా గేరు దెబ్బకొట్టినట్టు పడుతుంది, ముందు గొట్టం మార్చు. గొట్టంలో ఎర్ర ఆయిల్ కనిపిస్తే పొర చిరిగినట్టే, సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే అర తిప్పు. రోడ్డు మీద నడిపి చూడు. అవసరమైతే ఇంకో అర తిప్పు.

గిరాకీలు ‘ఇంకా మెత్తగా’ అనేవాళ్లట. మరీ మెత్తగా చేస్తే లోపలి క్లచ్ ప్లేట్లు జారి, వేడెక్కి, కాలిపోతాయి. చిచ్చా అందుకు ఒప్పుకునేవాడు కాదు. “ఆజ్ గిరాకీ ఖుష్, కల్ గేర్‌బాక్స్ ఖతం. ఓ కమాయి హలాల్ నై” అనేవాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైత్‌లోకి వచ్చింది. అమ్మాన్ మీదుగా ఎయిరిండియా లక్ష మందికి పైగా హిందుస్తానీలను వెనక్కి తెచ్చింది. చిచ్చా బొంబాయి నుంచి రైల్లో వచ్చి, ఒక్క సంచీతో ముద్దనూరులో దిగాడు. సంచీలో బయాజ్ ఉంది. ఇక్కడ చూస్తే లారీలు, అంబాసిడర్లు, అన్నిటికీ క్లచ్చే. ఆ ఇల్మ్‌ను అడిగినవాళ్లు లేరు. బతికినన్నాళ్లు లారీలకు రిపేర్లు చేశాడు. ఊళ్లో అందరికీ ఆయన ‘కువైత్‌లో కూలికి పోయొచ్చినోడు’.

మీ ఇంటి ట్రంకుపెట్టెలోనూ ఇట్లాంటి బయాజ్ ఉండొచ్చు. చదవగల బుజుర్గులు ఉన్నప్పుడే తీసి చదివించుకోండి. అది అమానత్.