విజయ సరోవరం ఒడ్డున

న్యూయార్క్ నగరానికి తూర్పున, లాంగ్ ఐలాండులో ‘లేక్ సక్సెస్’ అనే చిన్న ఊరు ఉంది. పేరును తెనిగిస్తే విజయ సరోవరం. (1946 నుండి 1951 వరకు ఐక్యరాజ్యసమితి తాత్కాలిక కార్యస్థానం ఇక్కడే ఉండేది!) 1990లలో స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల దళారీ సంస్థ ఈ ఊరి నుండే ముక్కూమొగం తెలియని వారికి ఫోన్లు చేసి షేర్లు అంటగట్టింది. ఇటువంటి చోటును అమెరికాలో ‘బాయిలర్ రూమ్’ అంటారు.

2013లో వచ్చిన ‘ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్’ చిత్రం ఈ సంస్థాపకుడు జోర్డన్ బెల్ఫోర్ట్ కథే. అందులో ఆయన విలాసాలు కావలసినన్ని. మోసపోయినవారు మాత్రం ఫోనులో వినిపించే గొంతులు. నాకు ఆ గొంతుల వైపు చరిత్రే ముఖ్యమనిపిస్తుంది.

పద్ధతి ఇది. ఫోను చేసే యువకుడి ముందు ఏమి పలకాలో రాసిన కాగితం ఉంటుంది. ఎదుటివారు “ఆలోచించుకుని చెబుతాను” అంటే ఇవ్వవలసిన జవాబు కూడా అందులోనే. మొదట అందరూ ఎరిగిన పెద్ద కంపెనీ షేర్లు అమ్మేవారు. నమ్మకం కుదిరాక అసలు సరుకు బయటికి తీసేవారు. ఆ అనామక షేర్లను సంస్థవారు అంతకుముందే చౌకగా బినామీల పేర దాచి ఉంచేవారు. (మన బినామీకి వారి వాడుకమాట ‘ఎలుక కన్నం’.) ఫోన్ల తాకిడికి ధర పైకెగయగానే తమవి వదిలించుకునేవారు.

అన్నిటికన్నా క్రూరమైనది తరువాతి ఘట్టమని నా అభిప్రాయం. ధర పెరిగింది కదా, అమ్మిపెట్టమని అడిగినవారికి దళారి దొరికేవాడు కాదు. దొరికినా, బదులుగా మరో షేరు కొంటే తప్ప అమ్మకం సాగేది కాదు. లాభం కాగితం మీద కనిపిస్తుండగానే కరిగిపోయేది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు గానీ, నింపాదిగా కదిలింది. 1992లో సెక్యూరిటీస్ కమిషన్ దావా వేసింది. 1994లో 25 లక్షల డాలర్లతో రాజీ కుదిరి, బెల్ఫోర్ట్‌కు ఆ వృత్తి నుండి శాశ్వత బహిష్కారం పడింది. అయినా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. 1996 డిసెంబరులో డీలర్ల సంఘం వెలివేశాక గాని సంస్థ మూతపడలేదు.

2003లో బెల్ఫోర్ట్‌కు 4 ఏళ్ల శిక్ష పడింది. అనుభవించినది 22 నెలలు. 1,513 మందికి సుమారు 11 కోట్ల డాలర్లు తిరిగి చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. 2013 నాటికి వసూలైనది దాదాపు 1 కోటి 16 లక్షలు. అందులోనూ అధికభాగం జప్తు చేసిన ఆస్తులను అమ్మగా వచ్చినదే.