వాసన దారి పట్టిన వైనం

1875లో ఇటలీ వైద్యుడు కెమిల్లో గాల్జీ వెండి ఉప్పుతో నాడీకణాలకు నలుపెక్కించి, కుక్క మెదడు ముందుభాగంలోని ఒక చిన్న ముద్ద బొమ్మ గీశాడు. ముక్కు పంపే కబురు మొదట చేరే ఆల్ఫాక్టరీ బల్బు అది. బొమ్మ అందంగానే వచ్చింది గానీ, నాడులన్నీ కలిసి విడదీయరాని వల అని ఆయన పట్టుబట్టాడు. కాదు, ఏ కణానికా కణం వేరని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ వాదించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటికీ రాజీ కుదరలేదు!

కహాల్ మాటే నిలిచింది. దాంతో కొత్త చిక్కు వచ్చింది: ముక్కులోంచి బయల్దేరిన నాడీతీగ బల్బులో ఎక్కడ దిగాలో దానికెవరు చెబుతారు?

ఈ తీగ పుట్టేది మెదడులో కాదు, ముక్కులోనే. పిండంలో ముక్కు రావలసిన చోట పైపొర మందమై, అందులోంచి పుట్టిన కణాలు మెదడు వైపు తీగలు చాస్తాయి. ఆ దారి పట్టుకునే మరికొన్ని కణాలు మెదడులోకి పాకుతాయి. యుక్తవయసును మేల్కొలిపే హార్మోన్ వాటి చలవే. ఈ ప్రయాణం ఆగిపోతే మనిషికి వాసనా తెలియదు, యుక్తవయసూ సరిగా రాదు. వైద్యులు దీన్నే కాల్మన్ సిండ్రోమ్ అంటారు.

చిరునామా గుట్టు 1991లో కదిలింది. అమెరికాలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకలో వాసన పట్టే ప్రోటీన్ల, అంటే గ్రాహకాల, జన్యువులను పట్టుకున్నారు. మొదట దొరికినవి 18. ఎలుకలో అలాంటివి వెయ్యికి అటూఇటూ ఉంటాయి, మనిషిలో పనిచేసేవి సుమారు 400. ముక్కులోని ఒక్కో కణం వాటిలో ఒక్కదాన్నే వాడుకుంటుంది. ఈ పనికి 2004లో నోబెల్ దక్కింది.

అంతకన్నా ముచ్చటైన ప్రయోగం 1996 నాటిది. ఒకానొక గ్రాహకమున్న కణాలకే నీలిరంగు పట్టే చిట్టెలుకలను ఆక్సెల్ బృందం తయారుచేసింది. కణాలు ముక్కులో చెల్లాచెదురుగా ఉన్నా, వాటి నీలి తీగలు బల్బులో ఒకటి రెండు చోట్లే గుత్తులు కట్టాయి. ఆ గ్రాహకాన్ని తీసి మరొకటి పెడితే తీగలు పాత చోటికీ పోలేదు, కొత్తదాని చోటికీ పోలేదు, మూడోచోట దిగాయి. వాసన పట్టే ప్రోటీనే చిరునామాలోనూ ఒక ముక్క అన్నమాట. ప్రకృతి పిసినారితనం అంటే ఇదే!

ఈ కుదురుబాటుకు గడువుంది. తీగలను చెదరగొట్టిన అడ్డును పుట్టిన వారంలోపు తొలగిస్తే అవి సర్దుకుంటాయనీ, ఆలస్యమైతే తప్పుదారే ఖాయమవుతుందనీ 2014లో చిట్టెలుకల్లో తేలింది.

మనిషిలో ఈ తీగలు కడుపులోనే పనిలో పడతాయి. గర్భంతో ఉండగా సోంపును పోలిన ఆనిస్ తిన్న తల్లుల బిడ్డలు, పుట్టిన కొన్ని గంటలకే ఆ వాసనపై ఇష్టం చూపారని 2000లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రకటించారు. తినని తల్లుల బిడ్డలకు అది రుచించలేదు.