రాణిగారి స్కోనులు

1960వ సంవత్సరము జనవరి 24వ తేదీన బ్రిటను రాణి రెండవ ఎలిజబెత్తు అమెరికా అధ్యక్షుడగు ఐసెన్‌హోవరునకు స్వహస్తముతో ఒక లేఖ వ్రాసెను. ఆ లేఖకు విషయము స్కోనులనెడి చిన్నరొట్టెల వంట. అంతకుముందు 1959 ఆగస్టు నెలాఖరున, స్కాట్లండులో రాజకుటుంబమునకు సొంతయిల్లైన బాల్మోరల్ కోటయందు ఐసెన్‌హోవరు అతిథిగా నున్నప్పుడు, ఆ వంటవిధానమును పంపెదనని ఆమె మాట యిచ్చి మరచెను. పిమ్మట, నిప్పులపై పూరేడుపిట్టలను కాల్చుచు నిలిచియున్న అధ్యక్షుని ఛాయాచిత్రము పత్రికలో కంటబడగా, తీర్చని బాకీ జ్ఞప్తికి వచ్చినదట.

పదునారుగురకు సరిపోవునట్లు ఆమె పంపిన కొలతలివి: టీకప్పుతో 4 కప్పుల గోధుమపిండి, 2 కప్పుల పాలు, 2 కోడిగ్రుడ్లు, పెద్దచెంచాతో 4 చెంచాల కేస్టర్ పంచదార, 2 చెంచాల కరగించిన వెన్న, చిన్నచెంచాతో 2 చెంచాల వంటసోడా, 3 చెంచాల క్రీమ్ ఆఫ్ టార్టర్. కేస్టర్ అనగా మిక్కిలి సన్నని పలుకుగల పంచదార. ఆ పేరు తెలియక బ్రిటిషు దౌత్యకార్యాలయమును అడిగి తెలిసికొంటినని ఐసెన్‌హోవరు ప్రత్యుత్తరమున సరసముగా ఒప్పుకొనెను. ఆ టీకప్పు ఎంతటిదో రాణి చెప్పలేదు. ఏ యింటి గృహిణియు చెప్పదు. భోక్తలు తక్కువైనచో పిండిని, పాలను మాత్రము తగ్గించి తక్కినవానిని యథాతథముగా నుంచుట తన వాడుకయని ఆమె చేర్చిన మాట పాకశాస్త్ర గ్రంథకర్తకు రుచింపదు గాని, అనేక పర్యాయములు స్వయముగా వండిన చేయి తప్ప మరియొకటి అట్టి మాట వ్రాయజాలదు.

ఈ భక్ష్యము వంశవృత్తాంతము దీర్ఘమైనది. విర్జిల్ మహాకవి ఈనియడు కావ్యమును గావిన్ డగ్లస్ అను పండితుడు 1513లో స్కాట్ భాషలోనికి అనువదించుచు, ఇటలీ తీరమున దిగిన ట్రాయి వీరులు గోధుమరొట్టెలను పరచుకొని భోజనమునకు కూర్చుండు ఘట్టమున స్కోను పేరు వాడెను. ఆ పేరు లిఖితరూపమున కనబడుట అదియే మొదటిసారి యని చెప్పుదురు. ఆనాటి స్కాట్లండు చలినేలలో గోధుమ అరుదు, ఓట్సు, బార్లీ సమృద్ధి. కావున సామాన్యుని స్కోను ఆ పిండితోనే గుండ్రముగా ఒత్తబడి, నాలుగు భాగములుగా కోయబడి, ఇనుపపెనముపై కాలుచుండెడిది. ఆ పెనమునకును ఒక చరిత్ర కలదు. ఫైఫ్ సీమలోని కూరస్ పట్టణపు కమ్మరులకు పెనములు చేయు హక్కును ఆరవ జేమ్సు రాజు 1599లో ప్రత్యేకముగా ప్రసాదించెను. తరువాతి శతాబ్దములో ఆ హక్కు వారికి మరల ధ్రువపరుపబడినను, 1759లో ఫాల్‌కర్క్ సమీపమున స్థాపితమైన కారన్ కర్మాగారము పోతయినుమును చౌకచేయగా, సుత్తెతో పెనము చేయువారి వృత్తి క్రమముగా క్షీణించినది.

అయితే ఆ పురాతన స్కోను బల్లపరుపుగా, బరువుగా నుండెడిది. నేడు తాతమ్మల నాటిదని కుటుంబములు గర్వించు మెత్తని, పొంగిన స్కోను రసాయనశాస్త్రపు బిడ్డ. బర్మింగ్‌హామ్ పట్టణమున మందులదుకాణము నడపుచుండిన ఆల్ఫ్రెడ్ బర్డ్, తన భార్యకు ఈస్టు సరిపడకపోవుటచేత, 1843లో ఈస్టు లేకయే రొట్టెను పొంగించు చూర్ణమును కల్పించెను. 1845లో బ్రిస్టల్‌వాసి హెన్రీ జోన్సు తనంతట పొంగు పిండికి పేటెంటు పొందెను. బాల్మోరల్ వంటలో ఆ చూర్ణమే విడివిడి భాగములుగా నున్నది. క్రీమ్ ఆఫ్ టార్టర్ అనునది ద్రాక్షసారాయి పీపాల లోగోడలకు గడ్డకట్టు ఆమ్లలవణము. తడి తగిలినంతనే అది సోడాతో కలహించి బొగ్గుపులుసు వాయువును వెడలించును. పిండిని బాగుగా గిలకొట్టవలెననిన రాణి, కలిపిన పిదప ఎక్కువసేపు నిలువనీయరాదని హెచ్చరించుటకు కారణమిదియే: ఆలస్యమైనకొలది ఆ వాయువు పెనము చేరకముందే తప్పించుకొనిపోవును. సాధారణముగా ఒకపాలు సోడాకు రెండుపాళ్ళు టార్టర్ వలయును. ఇచట 2 చెంచాలకు 3 మాత్రమే. కొంత సోడా మిగిలిపోవును. మిగిలినది స్కోనులు త్వరగా ఎఱ్ఱబారుటకు తోడ్పడును. మోతాదు ఇంకను పెరిగినచో మాత్రము సబ్బువాసన తప్పదు.

రాణిగారివి డ్రాప్ స్కోనులు. పొయ్యిగూటిలో కాల్చు ఎత్తైన స్కోనులకు చిన్నచెల్లెళ్ళు. పిండి జారుగా నుండును గావున, మధ్యస్థముగా వేడెక్కిన పెనమునకు కొంచెము వెన్న రాచి, ఊతప్పమువలె గరిటెతో వేయవలెను గాని, ఒక్కొక్కటి అరచేతిలో ఇముడునంతటిదిగా నుండవలెను. పైభాగమున బుడగలు లేచి పగులనారంభించినంతనే తిరుగవేయవలెను. దించినవానిని శుభ్రమైన గుడ్డలో చుట్టినచో ఆవిరి నిలిచి మెత్తదనము చెడదు. పంచదారకు మారుగా గోల్డెన్ సిరప్పును గాని, నల్లని ట్రీకిల్ పాకమును గాని వాడినను బాగుండునని రాణి వ్రాసెను. ఆ పాకము మన బెల్లపుపాకమునకు దగ్గరిది కనుక, నా మట్టుకు నేను ఆ రెండవదాని పక్షమే.

స్కోనుపై మీగడ ముందో జామ్ ముందో అని డెవన్, కార్న్‌వాల్ మండలములవారు నేటికిని తగవులాడుదురు. డెవన్‌వారు మీగడను అడుగున పూయుదురు. కార్న్‌వాల్‌వారికి జామ్ ప్రథమము. ఆ తగవు పొయ్యిగూటి స్కోనులది. పెనముమీదివానికి వెన్న చాలును, అదియు వేడిగా నున్నప్పుడే పూయవలెను.