షోలాపూర్ డాక్టరు, ఆయన ఇల్లు



షోలాపూర్ పేరు చెప్పగానే మన తెలుగువాళ్ళకు ముందు గుర్తొచ్చేది దుప్పటి, ఆ వెంటనే మగ్గం చప్పుడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి మన పద్మశాలి కుటుంబాలు ఎన్నో తరాల కిందట బతుకుతెరువు వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుకుంటూ ఇక్కడే స్థిరపడ్డాయి. అందుకే ఈ ఊరివాడు ఎవడు గొప్ప పని చేసినా, అతని ఇంటిభాష ఏదైనా, మనవాడే అనుకుంటాం. అలాంటి మనవాడొకరి గురించి ఈవేళ మీతో నాలుగు మాటలు పంచుకుంటాను. ఆయన పేరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్.

కోట్నీస్ 1910 అక్టోబరు 10న షోలాపూర్‌లో పుట్టారు. మరాఠీ కుటుంబం. దిగువ మధ్యతరగతి ఇల్లు, పిల్లలు చాలామంది. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో ఒక కొడుకును డాక్టరు చదువు చదివించడమంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కర లేదు. చేతిలో ఉన్నది ఖర్చుపెట్టి, లేనిది అప్పు తెచ్చి చదివించాలి. కోట్నీస్ బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. ఇక కొడుకు ప్రాక్టీసు పెట్టాలి, ఇల్లు నిలబెట్టాలి. ఏ తల్లిదండ్రులైనా కోరుకునేది అదే కదా!

ఆ కాలంలో షోలాపూర్ గాలి కూడా వేరుగా ఉండేది. 1930లో స్వాతంత్ర్యోద్యమం ఇక్కడ ఎంత ఉధృతమైందంటే, ఊళ్ళో సైనిక శాసనం పెట్టారు. 1931 జనవరి 12న ఈ ఊరివాళ్ళు నలుగురిని ఉరితీశారు. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుసేన్. ఆ పేర్లు ఈ ఊరు ఇప్పటికీ తలుచుకుంటుంది. పరుల కోసం సొంతది వదులుకోవడం ఈ ఊరికి కొత్త పాఠం కాదు.

1937లో జపాన్ సైన్యం చైనా మీద విరుచుకుపడింది. గాయపడినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. చైనా సేనాని జూ డే సాయం కోరుతూ జవహర్‌లాల్ నెహ్రూకు ఉత్తరం రాశారు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్ర బోసు దేశ ప్రజలకు విజ్ఞప్తి చేశారు. జనం ఇచ్చిన చందాలు పోగుచేసి, ఐదుగురు డాక్టర్లను పంపించారు. వాళ్ళు అటల్, చోల్కర్, ముఖర్జీ, బసు, మన కోట్నీస్. మనమే పరాయి పాలన కింద ఉన్న రోజులవి. మన బాధలు మనకుండగా, ఇంకొకరి గాయానికి కట్టు కట్టడానికి పోయారన్న సంగతి మీరు ఒక్కసారి ఆలోచించండి.

1938 సెప్టెంబరు 1న ఓడ బొంబాయి నుంచి బయలుదేరింది. కోట్నీస్ వయసు అప్పటికి ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు. చైనా చేరాక ఐదుగురూ తమ చైనా పేర్ల చివర 'హువా' అన్న మాట చేర్చుకున్నారు. ఆ మాటకు చైనా అని అర్థం. కోట్నీస్ కె దిహువా అయ్యారు.

అక్కడికి చేరిన కొద్ది నెలలకే ఇంటి నుంచి కబురు వచ్చింది. తండ్రి చనిపోయారు.

శ్రోతలారా, ఈ కథ నేను బడిలో పిల్లలకు చెబుతూ ఇక్కడ ఆగుతాను. "మీరైతే ఏం చేస్తారు?" అని అడుగుతాను. చాలామంది "వచ్చేస్తాం సార్" అంటారు. కోట్నీస్ రాలేదని చెబితే తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఒక ఏడాది ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మరి ఇంట్లోవాళ్ళ సంగతేంటి సార్?" అంది. ఇన్నేళ్ళ నా పంతులు ఉద్యోగంలో నన్ను ఆపేసిన ప్రశ్నల్లో అదొకటి. మనం త్యాగం చేసినవాడి గురించి చెబుతాం, దండ వేస్తాం. ఆ త్యాగంలో సగం భారం మోసిన ఇంటిని మరిచిపోతాం.

తిరిగి వెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. తండ్రికి కర్మ చేయడానికి కొడుకు ఇంటికి పోవడం మన లోకంలో ధర్మమే. రెండు ధర్మాలు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఒకటి ఎంచుకుని, రెండోదాని బాధ జీవితమంతా మోయడానికి సిద్ధపడాలి. నైతిక ధైర్యమంటే అదే అనుకుంటాను. తుపాకీ గుండుకు ఎదురు నిలవడం దానికంటే తేలిక కావచ్చు.

1939లో వాళ్ళు యెనాన్ చేరారు. తక్కిన డాక్టర్లు అనారోగ్యంవల్లనో, పని ముగిసో ఒక్కొక్కరుగా స్వదేశానికి వచ్చేశారు. కోట్నీస్ మాత్రం ఇంకా ముందుకు, యుద్ధం జరుగుతున్న ఉత్తర చైనా కొండల్లోకి పోయారు. 1940లో పెద్ద పోరు సాగినప్పుడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిద్ర లేకుండా శస్త్రచికిత్సలు చేశారని చెబుతారు. అంతకుముందు ఆ కొండల్లోనే సేవ చేస్తూ 1939లో చనిపోయిన కెనడా డాక్టరు నార్మన్ బెథూన్ పేరిట ఒక ఆసుపత్రి ఉండేది. 1941లో కోట్నీస్ దానికి డైరెక్టరయ్యారు.

మన సరిహద్దు జిల్లాలవాళ్ళకు బాగా తెలిసే విషయం ఒకటుంది. పక్కవాడి భాష నేర్చుకుంటే గాని పక్కవాడి మనసు అందదు. కోట్నీస్ చైనా భాష మాట్లాడటమే కాదు, ఆ భాషలో పిల్ల డాక్టర్లకు పాఠాలు చెప్పారు, వాళ్ళ కోసం పాఠ్యపుస్తకం రాశారు. అక్కడే నర్సుగా పనిచేసే గువో చింగ్లాన్‌ను 1941లో పెళ్ళి చేసుకున్నారు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు యిన్‌హువా. 'యిన్' అంటే ఇండియా, 'హువా' అంటే చైనా. రెండు దేశాలూ ఒక్క పిల్లవాడి పేరులో కలిశాయి.

ఆ సంతోషం నాలుగు నెలలు కూడా నిలవలేదు. కోట్నీస్‌కు మూర్ఛ వచ్చేది. చికిత్సకు వెళ్ళమని పెద్దలు చెప్పినా పని వదల్లేదు. 1942 డిసెంబరు 9న మూర్ఛతోనే కన్నుమూశారు. అప్పటికి ముప్ఫై రెండేళ్ళు.

ఇప్పుడా అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. ఇంట్లోవాళ్ళ సంగతేమిటి? కాగితం మీద అక్షరాలుగా తప్ప ఆ కొడుకు మళ్ళీ ఇంటికి రాలేదు. 1946లో శాంతారాం తీసిన సినిమాతో ఆయన పేరు దేశమంతా తెలిసింది. కాని సినిమా హాల్లో చప్పట్లు కొట్టేవాళ్ళు ఇంటికి పోయి నిద్రపోతారు. అన్న లేని ఇంట్లో ఉండేవాళ్ళు చెల్లెళ్ళు. ఆ కుటుంబం పగ పెంచుకోలేదు, ఆయన ఎంపికను తప్పనలేదు. గువో చింగ్లాన్ భారతదేశానికి ఎన్నోసార్లు వచ్చి అత్తింటివాళ్ళతో బంధుత్వం నిలుపుకున్నారు. ఆమెకు మరో దెబ్బ తగిలింది. వైద్యం చదువుకుంటున్న యిన్‌హువా 1967లోనే చనిపోయాడు. ఆమె 2012లో కన్నుమూశారు.

నడుమ 1962లో రెండు దేశాల మధ్య యుద్ధం వచ్చింది. స్నేహం మాట చేదైపోయిన రోజులవి. అయినా షిజియాజువాంగ్ నగరంలో ఆయన సమాధి దగ్గర పూలు పెట్టే ఆచారం పోలేదు. చైనా పెద్దలు మన దేశానికి వచ్చినప్పుడల్లా కోట్నీస్ కుటుంబాన్ని కలుసుకుంటూ వచ్చారు. 2014లో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వచ్చినప్పుడు, తొంభై మూడేళ్ళ చెల్లెలు మనోరమ ఆయనను కలిశారు. అన్నయ్య ఓడ ఎక్కిన డెబ్బై ఆరేళ్ళకు కూడా ఆ ఇంటి తలుపు ఎవరో తడుతూనే ఉన్నారు. ఆ మరుసటేడు ఆమె వెళ్ళిపోయారు.

ఆ ఇంటి గర్వం ఊరికే రాలేదు శ్రోతలారా. దాని ధర కన్నీళ్ళతో ముందే చెల్లించారు. పొరుగువాళ్ళ ముందు చెప్పుకునే గొప్ప వేరు, మనసులో మోసే గర్వం వేరు. మగ్గం మీద బట్టలో పైకి కనబడేది పేకనూలైతే, దాన్ని పట్టి నిలిపేది పడుగు. డాక్టరు పేరు పైకి కనబడింది. పడుగుగా నిలిచింది ఆ కుటుంబం.

షోలాపూర్‌లో భైయా చౌక్ దగ్గర ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. మీరు ఎప్పుడైనా చుట్టాలింటికో, దుప్పట్ల కొనుగోలుకో వస్తే, ఒక పూట అటు వెళ్ళండి. పిల్లలను వెంట తీసుకుపొండి. డాక్టరు ఫొటో ముందు నిలబడి నమస్కరించాక, ఒక్క నిమిషం ఆ ఇంటి గడపను కూడా చూడండి. కొడుకును పంపించి, ఆ గడపలోనే ఎవరో చాలా ఏళ్ళు ఎదురుచూశారు.